ఇంగ్లీష్‌లో డిగ్రీ చేయాలనుంది... ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: మేడమ్, మా సొంతూరు నల్గొండ జిల్లాలో. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడుపుతారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్ సీఈసీ, ఇంగ్లీష్ మీడియం. మంచి మార్కులే వచ్చాయి. కాలేజీలో ఇంగ్లీష్ పాఠం వింటుంటే టైమే తెలిసేది కాదు. అందుకే డిగ్రీ ఇంగ్లీష్‌లో చేయాలనుంది. నాన్న బీకాం కంప్యూటర్స్ తీసుకోమంటున్నారు. 'బీఏ చేసినోళ్లకు ఉద్యోగం ఎవరిస్తారు' అని మామయ్య అంటున్నాడు. ఏ కాలేజీలో, ఏ గ్రూపుతో చేరితే మంచిది? తర్వాత ఉద్యోగాలుంటాయా? ఇంకో మాట. నేను ఇంగ్లీష్‌లో గడగడా మాట్లాడలేను. రెండు ముక్కలు మాట్లాడేసరికి తడబడతాను. నాలాంటివాళ్లు లిటరేచర్ చదవొచ్చా? డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఎక్కువ రోజులు లేవు.
– ఓ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, కాలేజీ సంగతి, ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. చివర్లో 'ఇంకో మాట' అంటూ అడిగావు కదా, ముందు దానికి జవాబు చెప్తాను. చదవొచ్చు. ఏ సందేహమూ పెట్టుకోకుండా చదవొచ్చు. గడగడా మాట్లాడటం వేరు, ఒక కథో నవలో చదివి అర్థం చేసుకుని దాని గురించి నాలుగు పేజీలు సొంతంగా రాయడం వేరు. సాహిత్యం డిగ్రీలో నీకు మార్కులు వచ్చేది రెండోదానికి. మాట్లాడటం అనేది క్లాసులో, సెమినార్లో, స్నేహితులతో నోరు తెరుస్తూ ఉంటే వస్తుంది, దానికి మూడేళ్లు బోలెడంత టైం. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి టకటకా మాట్లాడే పిల్లలు, మొదటి సెమిస్టర్లో చేతికి నవల ఇవ్వగానే గైడు కోసం కోఠి వెళ్లడం నేను ఏటా చూస్తూనే ఉన్నాను. వాళ్లకు మాట వచ్చు, కూర్చుని చదివే ఓపిక అలవాటు కాలేదు.

నీకు కష్టమయ్యేది కూడా మాట్లాడటం కాదు, చదవడమే. ఇంటర్‌లో పాఠం అంటే కొన్ని పేజీలు. లెక్చరర్ గారు వాక్యం వాక్యం విడమర్చి చెప్తారు. డిగ్రీలో ఒక్కో పేపర్‌కు ఒకటో రెండో నవలలు, నాటకం, కొన్ని కవితలు ఉంటాయి. క్లాసులో అన్ని పేజీలూ చదివి చెప్పే టైం ఎవరికీ ఉండదు. అందుకే ఈ సెలవుల్లోనే ఒక అలవాటు మొదలుపెట్టు. ఏదైనా సులువైన ఇంగ్లీష్ కథల పుస్తకం తీసుకో. రోజుకు రెండు పేజీలు చాలు. మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు, ఫోన్ పక్క గదిలో పెట్టు. తెలియని మాట కింద పెన్సిల్‌తో చిన్న గీత గీసి ముందుకు పో. రెండు పేజీలూ అయ్యాక మళ్లీ మొదటికి రా. ఈసారి గీత గీసిన మాటల్లో సగానికి అర్థం ముందూ వెనకా వాక్యాలను బట్టి నీకే తడుతుంది. మిగిలిన వాటిలో ఏ మాట తెలియకపోతే కథ ముందుకు సాగదో, దానికి మాత్రమే అర్థం చూడు. తర్వాత పుస్తకం మూసేసి, ఆ రెండు పేజీల్లో ఎవరు ఏం చేశారో ఐదు వాక్యాల్లో ఇంగ్లీష్‌లో రాయి. ఆరో వాక్యం మాత్రం నీది కావాలి: ఆ మనిషి అలా ఎందుకు చేసి ఉంటాడని నీకు అనిపించిందో రాయి. తప్పులుంటాయి, ఉండనీ. లిటరేచర్ క్లాసులో మూడేళ్లూ నేర్పేది ఆ ఆరో వాక్యాన్ని ఆరు పేజీలు చేయడమే. అది ఇప్పటి నుంచే చేతికి అలవాటైతే తెలుగు మీడియం అన్న బెంగ మొదటి సెమిస్టర్ దాటేలోపే పోతుంది.

ఇక గ్రూపు. ఇక్కడ చాలామంది పిల్లలు దెబ్బతింటారు, కాబట్టి నిదానంగా చదువు. మన డిగ్రీల్లో 'ఇంగ్లీష్' అనే మాట మూడు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఇంగ్లీష్ మీడియం, అంటే చరిత్రో ఎకనామిక్సో ఇంగ్లీష్‌లో చదవడం. రెండోది బీకాం, బీఎస్సీ వాళ్లతో సహా అందరూ చదివే జనరల్ ఇంగ్లీష్ పేపర్. మూడోది ఇంగ్లీష్ లిటరేచర్‌ను ఆప్షనల్ సబ్జెక్టుగా తీసుకోవడం. దీన్ని కొన్ని కాలేజీల్లో మోడర్న్ లాంగ్వేజ్ ఇంగ్లీష్ అని కూడా రాస్తారు. నీకు కావలసింది ఈ మూడోది. 'బీఏ ఇంగ్లీష్ మీడియం' అని చూసి అదే ఇంగ్లీష్ డిగ్రీ అనుకుని చేరి, రెండో సెమిస్టర్లో విషయం తెలిసి బాధపడే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటున్నారు. దోస్త్‌లో కాలేజీ ఎంచుకున్నాక బీఏ కింద కాంబినేషన్లు వరుసగా కనిపిస్తాయి. ఆ కాంబినేషన్‌లోనే ఇంగ్లీష్ లిటరేచర్ అన్న మాట ఉందో లేదో చూడు. పక్కన బ్రాకెట్లో ఉండే మీడియం చూసి మోసపోవద్దు.

ఇది పేరు గొడవే కదా అనుకోకు. రేపు నువ్వు గవర్నమెంట్ స్కూల్లో ఇంగ్లీష్ టీచర్ కావాలనుకుంటే, అంటే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకు, డిగ్రీలో ఇంగ్లీష్ ఆప్షనల్‌గా చదివి ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లీష్ ఉండాలి. దానితో పాటు ఇంగ్లీష్ మెథడాలజీతో బీఈడీ, టెట్ ఉండాలి. బీఈడీ రెండేళ్లు, దానికి ఎడ్‌సెట్ రాయాలి. జనరల్ ఇంగ్లీష్ పేపర్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఈ అర్హతకు పనికిరాదు. ఇప్పుడు ఆప్షన్లు పెట్టేటప్పుడు చూసుకోని ఒక్క మాట, ఐదేళ్ల తర్వాత నోటిఫికేషన్ వచ్చిన రోజు అడ్డు తగులుతుంది.

లిటరేచర్‌కు జతగా ఏ సబ్జెక్టులుండాలన్నది కూడా అంతే ముఖ్యం. నన్నడిగితే ఇంగ్లీష్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. రెండో కాలు కూడా నేల మీద ఉండాలి. మీడియా వైపు మనసుంటే జర్నలిజమో మాస్ కమ్యూనికేషనో ఉన్న కాంబినేషన్ చూసుకో. సైకాలజీ మంచి జత. నవలల్లో మనుషుల్ని చదువుతావు, పక్క పేపర్లో వాళ్ల మనసు ఎలా పనిచేస్తుందో చదువుతావు. పైగా ఆ సబ్జెక్టులోనే పీజీకి వెళ్లే దారీ ఉంటుంది. గ్రూప్స్, సివిల్స్ రాయాలనుంటే పొలిటికల్ సైన్స్, హిస్టరీ కలిసొస్తాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ అర్హత పేపర్ ఉంది, అది నీకు భారం కాదు. సీఈసీ చదివావు కాబట్టి ఎకనామిక్స్ నీకు కొత్త కాదు. ఇందులో ఏది ఎంచుకున్నా, పరీక్ష కోసం కాకుండా ఊరికే చదవమన్నా చదవగలిగే సబ్జెక్టు అయ్యుండాలి. అది నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కాలేజీల మాటకొద్దాం. నీది దిల్‌సుఖ్‌నగర్ కాబట్టి మొదట గుర్తొచ్చేది కోఠి మహిళా కళాశాల. 1924లో మొదలైన కాలేజీ, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో ఉంది. ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అయింది. మీ ఇంటి దగ్గర మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు. రోజూ వెళ్లి రావడం ఎంత తేలికైతే లైబ్రరీలో అంత ఎక్కువసేపు కూర్చోగలుగుతావు, అందుకే దూరాన్ని తక్కువగా చూడొద్దంటాను. బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ ఉస్మానియా కిందిది, 1887 నాటిది. దాన్ని కూడా జాబితాలో ఉంచు. ఈ రెండింటిలో ఈ ఏడాది ఏయే కాంబినేషన్లు ఇస్తున్నారో దోస్త్‌లోనే కనిపిస్తుంది. పాత సీనియర్ల మాట మీద ఆధారపడకు, కాంబినేషన్లు మారుతుంటాయి.

తార్నాకలోని ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం సంగతి వేరు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలను కలుపుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో సీఫెల్ అనే అంటారు. ఇంగ్లీష్ చదవాలనుకునే పిల్లలకు ఇంత మంచి చోటు మన ఊళ్లోనే ఉండటం అదృష్టం. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్ లాంటి భాషలూ అదే క్యాంపస్‌లో నేర్పుతారు. కాకపోతే కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి అది దోస్త్‌లో ఉండదు. నోటిఫికేషన్ వేరు, తేదీలు వేరు. వాళ్ల వెబ్‌సైట్ ఇవాళే చూడు. ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవద్దు. ఇక్కడ డిగ్రీ చేసి, ఎంఏకు అక్కడికే వెళ్లొచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీలో కూడా ఎంఏ ఇంగ్లీష్ ఉంది. ఉస్మానియాలో ఎంఏకైతే సీపీగెట్ రాయాలి. డిగ్రీ మూడో ఏడాదిలో ఈ మూడూ నీ ముందుంటాయి.

కొన్ని ప్రైవేట్ కాలేజీలు కూడా దోస్త్‌తో సంబంధం లేకుండా సొంతంగా అడ్మిషన్లు చేసుకుంటాయి. వాటిలో బాగా చెప్పేవీ ఉన్నాయి. ఫీజు ఎంత, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది కాగితం మీద చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఏ కాలేజీకైనా ఒకసారి మీ నాన్నగారితో కలిసి స్వయంగా వెళ్లి చూడు. బిల్డింగ్ చూసి మురిసిపోవద్దు. మూడు విషయాలు అడుగు. ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్‌గా క్లాసులు చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు? లిటరేచర్ పుస్తకాలు ఇంటికి ఇస్తారా, లేక అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయా? మూడోది, ఆరు సెమిస్టర్ల పేపర్ల జాబితా, పోయిన ఏడాది ప్రశ్నపత్రాలు చూపిస్తారా? ఆ ప్రశ్నపత్రం చేతికొస్తే దాన్ని జాగ్రత్తగా చదువు. 'ఈ నవల సారాంశం రాయండి', 'ఈ రచయిత గురించి రాయండి' అనే ప్రశ్నలే ఉంటే అక్కడ గైడు బట్టీపట్టి పాసైపోవచ్చు, నువ్వు నేర్చుకునేది తక్కువ. 'ఈ పాత్ర ఇల్లు వదిలి వెళ్లడం సరైన నిర్ణయమేనా, నవలలోంచి ఆధారాలు చూపిస్తూ చర్చించండి' లాంటి ప్రశ్న ఉంటే అక్కడ టీచర్లు పిల్లల చేత ఆలోచింపజేస్తున్నారని అర్థం. పేపర్లలో ఫొనెటిక్స్, అంటే ఉచ్చారణ శాస్త్రం ఉందా, భారతీయ రచయితల ఇంగ్లీష్ రచనలున్నాయా, అనువాదం ఉందా చూడు. అనువాదం పేపర్ ఉంటే మాత్రం వదులుకోవద్దు, ఎందుకో చెప్తాను.

ఉద్యోగాల గురించి మీ మామయ్య అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. బీఏ ఇంగ్లీష్ సర్టిఫికెట్ ఒక్కటీ చూపిస్తే పిలిచి ఉద్యోగం ఇచ్చే కంపెనీ లేదు. కానీ బాగా రాయగలిగినవాళ్లకు, రాసింది దిద్దగలిగినవాళ్లకు ఈ నగరంలో పని ఉంది. దేశమంతా పుస్తకాలు పంపే ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ప్రధాన కార్యాలయం మన హిమాయత్‌నగర్‌లోనే ఉంది. ఇలాంటి ప్రచురణ సంస్థల్లో కాపీ ఎడిటర్లు కావాలి. ఐటీ కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాసే టెక్నికల్ రైటర్లుంటారు. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే సంస్థల్లో పాఠం రాసేవాళ్లు, సినిమాలకూ సిరీస్‌లకూ సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు, తెలుగు ఇంగ్లీష్‌ల మధ్య అనువాదం చేసేవాళ్లు ఉన్నారు. ఈ చివరి రెండింట్లో నీ తెలుగు మీడియం చదువే నీ బలం. రెండు భాషల్లోనూ తప్పు లేకుండా రాయగల పిల్లలు ఇప్పుడు నిజంగా తక్కువ. ఇంగ్లీష్ మోజులో పడి తెలుగు చదవడం మానేయకు.

ఏఐ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. వెబ్‌సైట్లకు నాలుగు పేరాలు కంటెంట్ రాసిచ్చే చిన్న చిన్న పనులతో కొత్తగా చేరినవాళ్లు గడుపుకునేవారు. ఆ పని ఇప్పుడు మెషీన్ చేస్తోంది. మెషీన్ రాసినదాంట్లో ఎక్కడ అబద్ధం దొర్లిందో, ఎక్కడ వాక్యం నున్నగా ఉన్నా లోపల ఏమీ లేదో పట్టుకోవాలంటే మాత్రం చాలా చదివిన మనిషే కావాలి. అసైన్‌మెంట్లు దానిచేత రాయించి సబ్మిట్ చేస్తే ఆ చూపు నీకు ఎప్పటికీ రాదు. మార్కులు వస్తాయి, చేతికి పని రాదు.

టీచింగ్ గురించి ఇందాకే చెప్పాను. ఎంఏ చేస్తే జూనియర్ లెక్చరర్ పోస్టులకు, ఎంఏలో 55 శాతం తెచ్చుకుని నెట్ లేదా సెట్ పాసైతే డిగ్రీ కాలేజీలకు అర్హత వస్తుంది. లా చదవాలనిపిస్తే డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. కష్టమైన ఇంగ్లీష్‌ను ఓపిగ్గా చదివి అర్థం లాగే అలవాటు అక్కడ బాగా పనికొస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారు. ఆయన బీకాం కంప్యూటర్స్ అనడం వెనక నీ మీద ప్రేమ, ఒక లెక్క రెండూ ఉన్నాయి. ఈ నగరంలో టాలీ, జీఎస్టీ తెలిసిన పిల్లలకు చిన్నదో పెద్దదో ఉద్యోగం దొరుకుతుందన్నది నిజం. అందుకని 'నాకు లిటరేచర్ ఇష్టం' అని మాత్రమే చెప్తే ఆయన టెన్షన్ తీరదు. ఒక కాగితం మీద నీ ప్లాన్ రాసి చూపించు: ఏ కాలేజీ, ఏ కాంబినేషన్, ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్ వస్తుందా, మూడేళ్ల తర్వాత బీఈడీనా, ఎంఏనా, ఉద్యోగమా. ఆ కాగితంలోనే కంప్యూటర్ కూడా ఉండాలి. ఎక్సెల్, రెండు భాషల్లో టైపింగ్ ఈ సెలవుల్లో నేర్చుకుంటానని రాయి. దానికి ఇన్‌స్టిట్యూట్ అక్కర్లేదు, షాపులోనే మొదలుపెట్టు. జిరాక్స్ షాపుకు వచ్చేవాళ్లలో బ్యాంకుకు లెటర్ కావాలని, స్కూల్‌కు అప్లికేషన్ టైప్ చేసిపెట్టమని అడిగేవాళ్లు ఉంటారు. అలా ఒకరొస్తే నువ్వు కూర్చో. వాళ్లు తెలుగులో చెప్పింది విని, తేదీ, విషయం, అడుగుతున్నదేమిటి అన్నవి వరుసగా పెట్టి, పది లైన్లలో శుభ్రమైన ఇంగ్లీష్ ఉత్తరం టైప్ చేసి ఇవ్వు. మాట విని, అర్థం చేసుకుని, ఇంకో భాషలో పొందిగ్గా పెట్టడం అన్న పని అక్కడే మొదలవుతుంది. నీ ఇంగ్లీష్‌కు ఒక మనిషి డబ్బులిచ్చి వెళ్లడం మీ నాన్నగారు కళ్లారా చూస్తే, నేను ఇక్కడ రాసే పేజీలకన్నా అది ఎక్కువ నచ్చజెప్తుంది.

ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోకపోతే, ఇంట్లో గొడవపడి బీకాంలో ఏడుస్తూ కూర్చోవద్దు. డిగ్రీలో ఏ గ్రూపు చదివినా చాలాచోట్ల ఎంఏ ఇంగ్లీష్ ఎంట్రన్స్ రాయొచ్చు. దారి మూసుకుపోదు, కాస్త చుట్టు తిరగాలంతే. అయినా నా అభిప్రాయం దాచను. పాఠం వింటుంటే టైం తెలియలేదని రాశావు. అలాంటి సబ్జెక్టు దొరికిన పిల్లను దాని నుంచి మూడేళ్లు దూరంగా ఉంచడం నాకు నచ్చదు.

చేరాక పుస్తకాల కోసం పెద్దగా ఖర్చుపెట్టక్కర్లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నవలలు చవగ్గా దొరుకుతాయి. బేరమాడు, కానీ పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూసుకో. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మీ ఇంటికి మరీ దూరం కాదు. చిక్కడపల్లి లైబ్రరీ పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటుంది, సీటు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. జనవరిలో హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ జరిగేటప్పుడు ఒక్కరోజైనా వెళ్లి వెనక వరసలో కూర్చుని విను. మొదటి ఏడాది ఎక్కువ చదువు. రెండో ఏడాది నుంచి కాలేజీ మ్యాగజైన్‌కో పత్రికకో ఏదో ఒకటి రాసి పంపుతూ, అచ్చయినవన్నీ ఒక ఫైల్లో దాచుకో. ఇంటర్వ్యూలో మార్కుల మెమో తర్వాత అడిగేది ఆ ఫైలే.

దోస్త్ గురించి చివరగా. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉందో లేదో ముందే చూసుకో. కులం, ఆదాయం సర్టిఫికెట్లు లేకపోతే రేపే మీ సేవకు వెళ్లండి, రీయింబర్స్‌మెంట్‌కు అవి కావాలి. ఆప్షన్ల వరసలో మొదట పెట్టినదానికే మొదటి ప్రాధాన్యం. 'సీటు వస్తుందో రాదో' అని భయపడి నీకు బాగా కావలసిన కాలేజీని కిందికి నెట్టొద్దు. అది పైన పెట్టినంత మాత్రాన కింది వాటికి అవకాశం తగ్గదు. వరసలో మొదటి నాలుగైదు లిటరేచర్ ఉన్న కాంబినేషన్లే కావాలి, ఆ తర్వాత నాన్నగారి మాట కోసం ఒక బీకాం పెట్టుకో. సీటు వచ్చాక గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు నమోదు, చేయకపోతే ఆ సీటు పోతుంది. మొదటి విడతలో వచ్చిన సీటుకు రిపోర్ట్ చేసి కూడా మెరుగైనదాని కోసం రెండో విడతలో ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కాకపోతే అక్కడ కొత్త సీటు వస్తే పాతది పోతుంది కాబట్టి, అప్పుడు నిజంగా వెళ్లి చేరే కాలేజీలే పెట్టు. ఏదైనా అర్థం కాకపోతే నెట్ సెంటర్ వాళ్లను కాదు, దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్లో అడుగు. సేవ్ చేసేముందు కాంబినేషన్ పేరు నువ్వే ఒకసారి పైకి చదువు. అందులో ఇంగ్లీష్ లిటరేచర్ ఉంటేనే బటన్ నొక్కు.